వాయిదా పడ్డ ఆపరేషన్: లాక్‌డౌన్ పోయేదాకా ఆగొచ్చా?

ప్రశ్న (కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో వచ్చిన ఉత్తరం): మా అమ్మకు 58 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. గాల్‌బ్లాడర్‌లో (పిత్తాశయంలో) రాళ్లున్నాయని ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే) ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. ఇంతలో లాక్‌డౌన్ వచ్చి వాయిదా పడింది. ఈ మూడు నెలల్లో రెండుసార్లు కడుపునొప్పి వచ్చి దానంతటదే తగ్గింది. షుగర్ పరీక్షలూ చేయించలేదు. ఇప్పుడు ఆస్పత్రిలో ఆపరేషన్లు మళ్లీ మొదలుపెట్టారు, రమ్మంటున్నారు. అక్కడికి వెళ్తే కొవిడ్ అంటుకుంటుందని అమ్మ భయం. అంతా సద్దుమణిగాక చేయించుకోవచ్చా? అన్నట్టు, నాన్నగారికి కిడ్నీలో రాయి తీసినప్పుడు వేసిన స్టెంట్ తీయించాల్సి ఉంది. అదీ అలాగే ఉండిపోయింది.

డాక్టర్ సలహా: మీరు ‘అన్నట్టు’ అని చివర్లో రాసిన విషయమే ముందు చూడాలి. నాన్నగారి స్టెంట్ ఇక ఆగకూడదు.

కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉండే ఆ సన్నటి గొట్టాన్ని డీజే స్టెంట్ అంటాం. రాయి తీశాక వచ్చే వాపు వల్ల మూత్రం ఆగిపోకుండా కొన్ని వారాల కోసం దాన్ని పెడతాం. లోపల ఉన్నన్నాళ్లూ మూత్రంలోని లవణాలు దానిమీద పేరుకుంటూనే ఉంటాయి. అందుకే మామూలుగా 3 నెలల్లోపు తీసేయడమో, మార్చడమో చేస్తాం. నెలల తరబడి మర్చిపోతే రెండు కొసల్లోనూ కొత్త రాయి కట్టి, లాగితే రాదు. అప్పుడు ఆ రాయిని పగలగొట్టడానికి మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్. కొందరికి కిడ్నీయే దెబ్బతింటుంది. అదే సకాలంలో వెళ్తే మూత్రమార్గంలో మత్తు జెల్లీ వేసి, సన్నని కెమెరా గొట్టంతో కొస పట్టుకుని నిమిషాల్లో తీసేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. దీనికి మామూలుగా ఐసీయూ పడక, వెంటిలేటర్ అవసరం పడవు. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ వేసిన తేదీ ఉంటుంది. ఇవాళే అది చూసి యూరాలజిస్టుకి ఫోన్ చేయండి. చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఫోన్లు పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక అమ్మగారి విషయం. అసలు అప్పుడు ఎందుకు ఆపారో తెలిస్తే ఇప్పుడు ఎందుకు రమ్మంటున్నారో అర్థమవుతుంది. వెంటిలేటర్లు, సిబ్బంది, పడకలు కొవిడ్ రోగులకు కావాల్సి వచ్చాయి. రెండో కారణం ఇంకా పెద్దది. ఒంట్లో వైరస్ ఉండగా ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో 24 దేశాల్లోని 1,128 మందిని గమనించి 2020 మే నెలలో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రచురించారు. నెల రోజుల్లో దాదాపు నలుగురిలో ఒకరు చనిపోయారు. వారిలో ఎక్కువమంది అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చినవారే. అయినా సగం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు రావడం మమ్మల్ని జాగ్రత్తపడేలా చేసింది. ఆపరేషన్లు మళ్లీ మొదలుపెట్టాక చాలా ఆస్పత్రుల్లో ముందే ఆర్‌టీపీసీఆర్ (ముక్కు, గొంతు నుంచి నమూనా తీసి చేసే కొవిడ్ పరీక్ష) చేసి, నెగెటివ్ వస్తేనే తీసుకునేవారు. కొవిడ్ వార్డుకీ, ఆపరేషన్ వాళ్లకీ దారులు, సిబ్బంది వేరుగా పెట్టేవారు. మీ ఆస్పత్రిలో ఈ ఏర్పాట్లు ఉన్నాయో లేదో నిస్సంకోచంగా అడగండి. అది మీ హక్కు. అమ్మగారి భయం సరైనదే. దాన్ని తీర్చాల్సింది ఆస్పత్రి.

రెండుసార్లు నొప్పి వచ్చి తగ్గిందన్నారు. అంటే రాయి గాల్‌బ్లాడర్ మెడ దగ్గర అడ్డుపడి, మళ్లీ వెనక్కి జారి ఉండవచ్చు. ప్రతిసారీ జారుతుందన్న హామీ లేదు. అక్కడే ఇరుక్కుంటే గాల్‌బ్లాడర్‌కి వాపు, ఇన్ఫెక్షన్ వస్తాయి. పిత్తనాళంలోకి దిగితే కామెర్లు, కొందరికి క్లోమం వాపు వస్తాయి. పైగా షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి పెద్దగా లేకుండానే లోపల చీము పట్టడం, గోడ కుళ్లడం మేం చూస్తుంటాం. ఆ దశలో అర్ధరాత్రి ఎమర్జెన్సీగా చేసే ఆపరేషన్ కష్టమైనది, ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులూ పెరుగుతాయి. అమ్మగారు తప్పించుకోవాలనుకుంటున్నది ఆస్పత్రినే కదా! అందుకే నా సలహా, నొప్పి లేని ఈ సమయంలోనే డేట్ తీసుకోండి. నొప్పే ఎరగని రాళ్లయితే ఆగమనేవాణ్ని.

ఆపరేషన్ జరిగేలోపు అమ్మగారికి కుడి డొక్కలో మొదలైన నొప్పి నాలుగైదు గంటలైనా తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చేయొద్దు. లాక్‌డౌన్‌లోనూ ఎమర్జెన్సీ విభాగం పనిచేస్తుంది.

పాత రిపోర్టులు మాత్రం ఇప్పుడు సరిపోవు. మూడు నెలల్లో రాయి నాళంలోకి దిగిందేమో తెలియాలి కాబట్టి అల్ట్రాసౌండ్, లివర్ పరీక్షలు మళ్లీ చేయించాలి. బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) పెరిగినా, నాళం వెడల్పయినా నాళంలో రాయి ఉందేమో చూసి, ఉంటే సాధారణంగా ముందు ఎండోస్కోపీతో దాన్ని తీసి, ఆ తర్వాత గాల్‌బ్లాడర్ సంగతి చూస్తారు. హెచ్‌బీఏ1సీ తప్పనిసరి. గత 2–3 నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది, పరగడుపున ఉండక్కర్లేదు. మరీ ఎక్కువుంటే గాయం మానదు, ఇన్ఫెక్షన్ భయం. అప్పుడు కొన్ని వారాలు మందులు సర్దుబాటు చేసి ఆపరేషన్ పెట్టుకోవచ్చు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఈసీజీ కూడా ఎలాగూ అడుగుతారు. వీలున్నచోట ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లమనండి. స్కాన్‌కి మాత్రం ముందే టైమ్ తీసుకుని ఒక్కరే తోడు వెళ్లండి.

వాడుతున్న మందుల పట్టీ ఫోనులో ఫొటో తీసి సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ పంపండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలుంటే ఆపరేషన్‌కి 3 రోజుల ముందు నుంచి ఆపమంటారు. రక్తం పలచబరిచే మందులుంటే అవి మీ అంతట మీరు ఆపకండి.

ఇలాంటి ఉత్తరాలే చాలా వస్తున్నాయి కాబట్టి మిగతావాళ్లకీ ఒక మాట. కంటి శుక్లం, మోకాలి మార్పిడి లాంటివి చాలావరకు కొంతకాలం ఆగగలవు. రొమ్ములో గడ్డ, మలంలో రక్తం, క్యాన్సర్ అనుమానంతో రాసిన బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఆగవు. క్యాన్సర్ ఆపరేషన్ ప్రతి 4 వారాల ఆలస్యానికీ ప్రాణాపాయం 6–8 శాతం పెరుగుతుందని 2020 నవంబరులో బీఎంజే అనే వైద్యపత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. గర్భిణుల టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాన్), పిల్లల టీకాలు వాటి సమయానికే జరగాలి.

డేట్ ఖాయమయ్యాక అమ్మగారితో పాటు ఇంట్లో అందరూ వీలైనంత వరకు బయట తిరగకండి. ఈమధ్య ఆవిడకు కొవిడ్ వచ్చి తగ్గి ఉంటే తప్పకుండా చెప్పండి. అలాంటప్పుడు, ఆగగలిగిన ఆపరేషనైతే పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం 7 వారాలు ఆగి చేయడం మంచిదని 2021లో అనేవారు. ఎన్నాళ్లు ఆగాలో సర్జన్‌ని అడగండి. ఆయాసం ఇంకా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు. ఆ ఆగే రోజుల్లో నొప్పి మళ్లీ వస్తే లెక్క మారుతుంది, వెంటనే సర్జన్‌కి ఫోన్ చేయండి.