డిసెంబర్ గురించి నా చెల్లెలి బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావు గంట నీ గురించే మాట్లాడింది. ఈసారి క్రిస్మస్ నెలంతా వాక్యంతో గడపాలని నువ్వూ అల్లుడూ అనుకున్నారట. డిసెంబర్ ఒకటి నుంచి రాత్రి ఎనిమిదింటికి టీవీ, ఫోన్లు బంద్. రోజుకో అధ్యాయం లూకా సువార్త. పిల్లలతో పశువుల పాక కట్టించడం, ఇంట్లోనే కేకు, 24న నలభై మందికి భోజనాలు, 25న మెదక్ పెద్ద చర్చికి ప్రయాణం. అన్నీ రాసి గోడకు చార్ట్ కూడా అంటించావట. చెబుతూ చెబుతూ మీ అమ్మ ఏడ్చింది. మా బాపు నడిపిన కుటుంబ ప్రార్థనను మాలో ఎవరమూ సరిగ్గా నిలబెట్టలేదు, మనవరాలు నిలబెడుతోందని. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ చార్టులో నువ్వు పడుకునే టైం ఎక్కడా వినపడలేదు నాకు.

ముందు చిన్న సంగతులు. బట్టలు మొదటి వారంలోనే కొనెయ్యి, తర్వాత టైలర్లు దొరకరు. నక్షత్రానికి కొత్త వైరు వెయ్యమను అల్లుణ్ణి, పాతది మంచుకు తడిస్తే షాక్ కొడుతుంది. దేనికీ అప్పు చెయ్యొద్దు. బతుకమ్మకు మీకు సద్దులు పంపిన ఇళ్లన్నిటికీ సకినాల పళ్లెం నువ్వే స్వయంగా తీసుకెళ్లి ఇవ్వు, పిల్లలతో పంపించకు.

ఇక ప్రార్థన. లూకాలో ఇరవై నాలుగు అధ్యాయాలు, నీకు ఇరవై నాలుగు రోజులు, లెక్క బాగానే కుదిరింది. అయితే మొదటి అధ్యాయంలోనే 80 వచనాలున్నాయి. చిన్నది ఇరవయ్యో వచనానికే నీ ఒళ్లో నిద్రపోతుంది. నువ్వు లేపుతావు, అది ఏడుస్తుంది, పెద్దోడు నవ్వుతాడు, వాడికి ఒక దెబ్బ పడుతుంది. ప్రార్థన అంటే దెబ్బలు తినే టైం అనుకుంటారు పిల్లలు. పైగా నీ లెక్క ప్రకారం 23న సిలువ దగ్గర ఉంటారు, 24 రాత్రి ఖాళీ సమాధి దగ్గర. పెద్దవాళ్లకు అది మంచిదే కావచ్చు. పిల్లలు మాత్రం ఆ రాత్రి పశువుల తొట్టి దగ్గరే ఉండనీ. మొదటి రెండు అధ్యాయాలు చాలు. 80, 52 కలిపి 132 వచనాలు, రోజుకు ఐదో ఆరో వస్తాయి. పెద్దోడితో చదివించు. తప్పు చదివితే అక్కడే దిద్దకు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఈ ఒక్క మాట విను.

రెండో వారానికల్లా కడుపుతో ఉన్న మరియ, తనలాగే కడుపుతో ఉన్న బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లిన భాగం వస్తుంది. అక్కడికి వచ్చినప్పుడు మా బాపు కందిలి వత్తి కొంచెం పెంచేవాడు. మరియ అక్కడ దాదాపు మూడు నెలలు ఉంది కదా, అన్ని రోజులు ఇద్దరూ ఏం మాట్లాడుకొని ఉంటారు, చెప్పండి అని మమ్మల్ని అడిగేవాడు. ఒకసారి మీ అమ్మ లేచి, "చింతకాయ తొక్కు గురించి" అంది. అప్పుడు మీ చిన్నమామ కడుపులో ఉన్నాడు, మా అమ్మ రోజూ అదే అడిగి తింటోంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది, బాపు కూడా నవ్వాడు, ఇక ప్రార్థన సాగలేదు. ఇన్నేళ్ల ప్రార్థనల్లో నాకు బాగా గుర్తున్నది ఆ రోజుదే. మీ ఇంట్లో కూడా ఒక్కో రోజు అలా ఆగిపోతే ఆగిపోనివ్వు.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. 1991 సంగతి. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. స్కూలు ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు, పక్షవాతంతో మంచంలో మామయ్య. అత్తమ్మ పోయి రెండేళ్లయింది. అత్తమ్మ లేకపోయినా ఈ ఇంట్లో పండుగ తగ్గలేదని అందరూ అనాలని పంతం పట్టాను. ఇల్లంతా సున్నం వేయించాను. కర్టెన్లు నేనే కుట్టాను. ఐదు కిలోల బియ్యం పిండి పట్టించి ఒక్కదాన్నే సకినాలు చుట్టాను. నెల మొదట్లో మామయ్య మంచం దగ్గర కూర్చొని రోజూ ఒక కీర్తన చదివేదాన్ని, పదో తారీఖు తర్వాత అదీ మానేశాను. పండుగ అయ్యాక మళ్లీ మొదలుపెడదాం మామయ్యా అన్నాను. ఆయన సరే అన్నారు.

డిసెంబర్ 22 రాత్రి గరిజెల మూకుడు దించి పొయ్యి ఆర్పేసరికి ఒంటిగంట. మీ పెద్దనాన్న నైట్ డ్యూటీలో ఉన్నారు. నడుం వాల్చానో లేదో, సందు చివర డోలక్ వినిపించింది. క్యారల్స్ పిల్లలు. జమ్మికుంట చలిలో ఇంటింటికీ తిరుగుతూ మా సందు దాకా వచ్చేసరికి రెండున్నర అయింది. లేచి చాయ్ పెట్టాలి, ఇరవై మందికి గ్లాసులు తియ్యాలి, తడిసిన చెప్పులతో వాళ్లు కొత్త సున్నం గోడలకు ఆనుకొని నిలబడతారు. ఇవే నా తలలో తిరిగాయి. లేచాను. లేచి వెళ్లి వరండా లైటు ఆర్పేసి, మళ్లీ వచ్చి దుప్పటి కప్పుకున్నాను.

వాళ్లు తలుపు ముందు నిలబడి పాట మొత్తం పాడారు, మూడు చరణాలు. పాస్టర్ అయ్యగారి గొంతు జలుబుతో గరగరలాడుతోంది, అదీ గుర్తుపట్టాను. పాట అయ్యాక ఎవరో మెల్లగా తలుపు తట్టారు. "పడుకున్నట్టున్నారు, పోదాం పదండి" అన్నారు ఇంకెవరో. చెప్పుల చప్పుడు దూరమైంది. నాకు ఆ క్షణంలో సిగ్గు కూడా అనిపించలేదు బిడ్డా. హమ్మయ్య అనుకున్నాను.

పొద్దున చాయ్ తీసుకొని లోపలి గదిలోకి వెళ్తే మామయ్య మంచం అంచున కూర్చొని ఉన్నారు. ఒకరు పట్టుకుంటే తప్ప లేవలేని మనిషి. స్వెటర్‌లో ఒక చెయ్యే దూర్చుకున్నారు, రెండోది రాక వేలాడుతోంది. మంకీ క్యాప్ వంకరగా ఉంది. గుప్పిట్లో పది రూపాయల నోటు, నాలుగు మడతలు పెట్టి.

"పిల్లలు రాలేదా బిడ్డా?" అన్నారు.

"రాలేదు మామయ్యా" అన్నాను.

ఆయన చెవులు బాగానే పనిచేసేవి. నా ముఖంలోకి కాసేపు చూసి, "సరే, దీన్ని గుడిలో ఇచ్చెయ్యి" అని నోటు నా చేతిలో పెట్టారు.

25 పొద్దున ఆరాధన అయ్యాక ఆ నోటు సంఘ కార్యదర్శి గారికి ఇచ్చాను. ఆయన క్యారల్స్ నోట్‌బుక్ తెరిచి మా ఇంటి లైను వెతికారు. అందరి పేర్ల ఎదురుగా ఐదు, పది, ఇరవై అని అంకెలున్నాయి. మా పేరు ఎదురుగా "తలుపు తియ్యలేదు" అని రాసి ఉంది. ఆయన ఏమీ అనలేదు. దాన్ని కొట్టేసి పక్కన పది అని రాశారు. కొత్త పట్టుచీర కట్టుకొని అక్కడ నిలబడ్డాను. మళ్లీ సెప్టెంబర్‌లో మామయ్య ప్రభువునందు నిద్రించారు. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడు నాకు విశ్వాసం తక్కువేమీ కాలేదు. సినిమాలకు పోలేదు, చాడీలు చెప్పలేదు, రాత్రింబగళ్లు ప్రభువు పండుగ పనే చేశాను. ఆ పనితోనే నా ఓపికంతా అయిపోయింది. నీ చార్ట్ వింటుంటే నాకు ఆ గరిజెల మూకుడే కళ్ల ముందు కనిపించింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. నలభై మందికి వండమని ఎవరు చెప్పారు నీకు? 24 రాత్రి ఆరాధనలో కూర్చోవాల్సినదానివి, బగారా అన్నం గంజు దగ్గర కూర్చుంటావా? ఆ భోజనాలు రద్దు చెయ్యి. ఎవరైనా ఏమైనా అంటే పెద్దమ్మ వద్దన్నదని చెప్పు. 25 మధ్యాహ్నం మీ నలుగురికీ, మీ పైపోర్షన్‌లో ఒంటరిగా ఉండే ఆ ముసలాయనకూ, హాస్టల్‌లో ఉండిపోయిన పిల్లలెవరైనా ఉంటే వాళ్లకూ ఒక కోడికూర, అన్నం చాలు. కేకు బేకరీలో కొను. పిండివంటలు 15 లోపే ముగించు, అప్పటికి కానివి ఇక వద్దు.

మెదక్ కూడా 25న వద్దు. ఆ గుడి ప్రతిష్ఠ 1924లో సరిగ్గా క్రిస్మస్ రోజునే జరిగింది కాబట్టి ఆ రోజే చూపించాలనే నీ ఆశ నాకు అర్థమైంది. కానీ ఆ జనంలో పిల్లల చెయ్యి పట్టుకోవడమే నీకు పని అవుతుంది, వాళ్లు తల పైకెత్తి చూసేది ఉండదు. 26 కూడా మనకు సెలవే. లేదంటే జనవరిలో ఒక ఎండ రోజు చూసి పగటిపూట వెళ్లండి, ఆ రంగు అద్దాల కిటికీలు సూర్యుడి వెలుగు పడితేనే కనిపిస్తాయి. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పోస్నెట్ దొర ఆ గుడి కట్టే పని పెట్టించాడని పిల్లలకు చెప్పు. ఎవరి ఆకలి తీరడానికి ఆ గోడలు లేచాయో తెలిస్తే పెద్దోడికి గుర్తుంటుంది.

పశువుల పాక మంచి ఆలోచన. గడ్డి నేను తెస్తాను, బజారులో ప్లాస్టిక్‌ది కొనకు. బాలయేసును చూడడానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల బొమ్మలు మాత్రం మొదటి రోజే తొట్టి దగ్గర పెట్టొద్దు. వాళ్లు వచ్చేసరికి బిడ్డ ఇంట్లో ఉన్నట్టు మత్తయి రాశాడు. వంటింటి గూట్లో మొదలుపెట్టి పిల్లలతో రోజుకు కొంచెం ముందుకు జరిపించు, జ్ఞానుల రాకను తలుచుకునే పండుగ జనవరి 6కు చేరుకుంటారు. అప్పుడు 26 పొద్దునకే పండుగ అయిపోయిందని ఏడవరు.

అల్లుణ్ణి ప్రార్థనకు రాలేదని పిల్లల ముందు అనకు. ఆఫీసు టెన్షన్‌తో వస్తాడు పాపం. కొవ్వొత్తి వెలిగించే పని ఒక్కటి అతనికి అప్పగించు, రోజూ అదే.

నేను 20న పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగుతాను, పెద్దోణ్ణి స్టేషన్‌కు పంపు. నాకు లోపలి గది వద్దు. ముందుగదిలో, తలుపు పక్కన మంచం వెయ్యి. క్యారల్స్ ఏ రాత్రికో మీ సంఘంలో కనుక్కొని ఉంచు. ఆ రాత్రి నువ్వు పడుకో, లేవాల్సిన పని లేదు. గ్లాసులు మాత్రం కడిగి బయట పెట్టు, ఇరవై ఐదు సరిపోతాయేమో చూడు. అల్లం నేనే తెస్తాను.

మీ పెద్దమ్మ