వేషాలు పంచేముందు

చిన్నీ,

బాలల దినోత్సవానికి మీ బళ్లో పిల్లలచేత వృత్తుల వేషాలు కట్టిస్తున్నావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎస్జీటీ టీచరుగా చేరి ఆరునెలలు కాలేదు, అప్పుడే ఇంత పనికి పూనుకున్నావా అని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

హెడ్మాస్టరు గారికి ముందే చెప్పు. అతిథులు ఎలాగూ ఆలస్యంగానే వస్తారు, పిల్లల్ని పొద్దుటినుంచీ ఎండలో కూచోబెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే. ఎవరికి ఏ వేషం ఇస్తావన్నదే నా భయం.

1994లో నేనూ కట్టించాను. సర్పంచి మనవడికి కలెక్టరు, కిరాణాకొట్టు వాళ్ల పిల్లకి డాక్టరు. మూడో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు, వాళ్లమ్మ పంచాయతీ వీధులు ఊడ్చేది. "నువ్వు పారిశుధ్య కార్మికుడివిరా, చీపురు ఇంట్లోనే ఉంటుంది, ఖర్చుండదు" అన్నాను. వాళ్లకి డబ్బు మిగిల్చాననే అనుకున్నాను సుమా! ఆరోజు వాడు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ఒట్టి చేతుల్తో వచ్చాడు. "ఏరా, చీపురేదీ?" అని అందరిముందూ గద్దించాను. పిల్లలు గొల్లున నవ్వారు. సాయంత్రం వాళ్లమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "రోజూ ఉండేదేగా టీచరమ్మా, మావోడికి ఆ ఒక్కపూటైనా ఇంకో వేషం ఇయ్యకపోయారా" అంది. కోపంగా కూడా అనలేదు. వాడు వారంపాటు బడికి రాలేదు. రోజూ వాళ్ల పేట ముందునుంచే నడిచివెళ్లి బస్సెక్కేదాన్ని. ఒక్కనాడూ ఆ సందులోకి తిరగలేదు.

ఇంకో సిగ్గుమాలిన సంగతి చెప్పనా? మీ తాతయ్య ఊళ్లో క్షవరాలు చేసేవాడు కదా. బళ్లో తండ్రి వృత్తి అడిగినప్పుడల్లా నేను 'వ్యవసాయం' అని రాసేదాన్ని. మనకి సెంటు భూమి ఎక్కడేడిసింది! అలాంటిదాన్ని, ఆ తెల్లచొక్కా చూసి కూడా గ్రహించలేకపోయాను.

అందుకని చీటీలు వెయ్యి. చీపురు చీటీ మాత్రం అందులో కలపకు, ఆ వేషం నువ్వే కట్టు. లైన్‌మన్ చీటీ ఆడపిల్లకొస్తే మార్చకు. మీ నాన్న ఏం చేస్తాడని వరసగా లేపి అడగొద్దు, గల్ఫ్ వెళ్లి ఫోన్ చెయ్యని నాన్నలుంటారు, అసలు లేనివాళ్లూ ఉంటారు. సరిగా వినపడని పాప ఉందన్నావుగా, దాన్ని మాటల్లేని వేషంలోకి నెట్టెయ్యకు. నీ మొహం దానికి కనపడేలా నిలబడి మాట్లాడు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్ని కూడా సలహా అడుగు.

మధ్యాహ్న భోజనం వండే ఆవిణ్ని పిలిచి కుర్చీ వెయ్యి. అంతమందికీ ఎసరు ఎంత పెడుతుందో చెప్పించు.

ఊడ్చే పని గొప్పదని ఉపన్యాసం మాత్రం ఇవ్వకే తల్లీ. గొప్పదైతే మీరు చెయ్యరేం అని ఏ గడుగ్గాయో అడుగుతాడు, నీ దగ్గర జవాబుండదు. చేతులకి గ్లౌజులెందుకో చెప్పు. రక్షణ లేకుండా మురుగుగుంటలోకి మనిషిని దించకూడదని 2013లో చట్టమొచ్చిందని చెప్పు. బెజవాడ విల్సన్ చేతులతో మలం ఎత్తే పనిచేసే ఇంట్లోనే పుట్టి, దాన్ని మాన్పించడానికి పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడని చెప్పు.

తాతయ్య పొది నా దగ్గరే ఉంది. దువ్వెన పళ్లు రెండు ఊడాయి, కత్తెర ఇంకా తెగుతుంది. కావాలంటే మీ నాన్నచేత పంపిస్తాను. మంగలికత్తి మాత్రం తీసేసే పంపుతాను, చిన్నపిల్లలు కదా.

మీ అత్త