ఎస్సై దారా, గ్రూప్-1 దారా? దర్యాప్తును నడిపించే అధికారి కావాలంటే...

ప్రశ్న: నమస్తే సార్. మాది మలక్‌పేట. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది కానీ పోలీసు శాఖలోకే వెళ్తానంటోంది. అదీ మామూలుగా కాదు, నేరాల దర్యాప్తు చేసేవాళ్ళ మీద అధికారిగా ఉండాలట. వాళ్ళ నాన్న ఎస్సై పరీక్ష రాయమంటున్నారు. మా తమ్ముడేమో నేరుగా గ్రూప్-1 రాసి డీఎస్పీ అవ్వమంటున్నాడు. లా కూడా చదవాలా? ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి కోరుకుంటున్న కుర్చీ ఎక్కడుందో చూద్దాం. హైదరాబాద్‌లో ఏ స్టేషన్‌కు వెళ్ళినా కేసు ఫైలు ఎక్కువగా ఎస్సై చేతిలోనో, ఇన్‌స్పెక్టర్ చేతిలోనో ఉంటుంది. నేరాల పని చూడటానికి డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఉంటారు, అందరూ డీఐ అంటారు. వీళ్ళందరి దర్యాప్తునూ పైనుంచి చూసేది ఏసీపీ. జిల్లాల్లో డీఎస్పీ అంటాం, ఇక్కడ కమిషనరేట్ కాబట్టి ఏసీపీ. సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), సీఐడీ, సైబర్ సెక్యూరిటీ బ్యూరోలలో కూడా ఇదే వరస. అంటే మీ ఇంట్లో ఇద్దరూ చెప్పేది ఒకే కుర్చీ గురించి. ఒకరు మెట్లెక్కి రమ్మంటున్నారు, ఇంకొకరు లిఫ్టులో రమ్మంటున్నారు.

ఆ కుర్చీలో పని ఎలా ఉంటుందో మాత్రం మీ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. జీపు దిగి పరుగెత్తడం తక్కువ, సీడీ ఫైలు చదవడం ఎక్కువ. సీడీ అంటే కేస్ డైరీ. ఉదాహరణకు గొలుసు దొంగతనం కేసు అనుకోండి. నిందితుడు చూపించిన చోట గొలుసు దొరికిందని ఉప్పల్‌లో సాయంత్రం నాలుగింటికి పంచనామా రాశారు. అదే నిందితుణ్ణి నాలుగున్నరకు చార్మినార్ దగ్గర అరెస్టు చేశామని రిమాండ్ రిపోర్టులో ఉంది. అరెస్టుకు ముందే గొలుసు ఎలా చూపించాడు? పైగా ఆ ట్రాఫిక్‌లో అరగంటలో ఉప్పల్ నుంచి చార్మినార్‌కు ఎలా వచ్చాడు? ఫైలు పైకి వెళ్ళేలోపు ఈ ప్రశ్న అడగాల్సింది ఏసీపీ. ఆయన అడక్కపోతే రెండేళ్ళ తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయరు అడుగుతారు. అప్పుడు చేసేదేమీ ఉండదు, కేసు పోయినట్టే.

2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక ఈ చదువు ఇంకా బరువెక్కింది. ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ బృందం ఘటనా స్థలానికి వెళ్ళాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176వ సెక్షన్ చెబుతోంది. సోదాలు వీడియో తీయాలి. కేసు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు చెప్పాలి. నిందితుడు రిమాండ్‌లో ఉంటే నేరాన్ని బట్టి అరవై లేదా తొంభై రోజుల్లో చార్జిషీటు పడాలి, లేదంటే బెయిలు అతని హక్కు అవుతుంది. ఒక్కో ఎస్సై దగ్గర ఎన్నో ఫైళ్ళు ఉంటాయి. ఏది ఏ రోజుకు గడువు దాటుతుందో గుర్తుపెట్టుకోవాల్సింది పైనున్నవాళ్ళే.

మీ అమ్మాయి బీటెక్ వృథా అవుతుందని దిగులు పడకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఇప్పుడు హాష్ వాల్యూ రాయాలి. అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, ఫైలులో ఏ కాస్త మార్చినా అదీ మారిపోతుంది. ఆ మాట వినగానే తల గోక్కునే అధికారులు ఇంకా ఉన్నారు. మీ అమ్మాయికి అది సెకండియర్ పాఠం.

ఇక దారుల సంగతి. గ్రూప్-1లో వస్తే మొదటి పోస్టింగ్‌లోనే పర్యవేక్షణ చేతికొస్తుంది. జీతం కూడా ఎక్కువ: డీఎస్పీ స్కేలు రూ.58,850తో మొదలైతే ఎస్సైది రూ.42,300. కానీ ఒక చిక్కుంది. నా పాత విద్యార్థి ఒకతను ఇలాగే డీఎస్పీ అయ్యాడు. కింద ఉన్న ఎస్సైకి ఇతని వయసంత సర్వీసు. మొదటి ఆరు నెలలు తలుపు వేసుకుని, స్టేషన్ రైటర్‌ను (స్టేషన్‌లో రికార్డులు రాసే పోలీసును) కూర్చోబెట్టుకుని సీడీ ఫైలు ఎలా చదవాలో నేర్చుకున్నానని నవ్వుతూ చెప్పాడు. అడగడానికి సిగ్గుపడలేదు కాబట్టి నిలబడ్డాడు. పైగా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులను డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే స్వయంగా దర్యాప్తు చేయాలి. అక్కడ ‘కిందివాళ్ళు చూసుకుంటారులే’ అనడం కుదరదు.

ఎస్సైగా వస్తే ఆ పని చేత్తోనే వస్తుంది. శవ పంచనామా, రాత్రి డ్యూటీ, బందోబస్తు, కోర్టు వాయిదా అన్నీ. తర్వాత ఎవరి ఫైలు చదివినా ఎక్కడ అతుకు వేశారో ఇట్టే తెలిసిపోతుంది. నన్నడిగితే మంచి పర్యవేక్షణ అంతా ఇక్కడి నుంచే వస్తుంది. నష్టం ఏమిటంటే ప్రమోషన్. ఖాళీలు, సీనియారిటీ కలిసొచ్చి ఏసీపీ అయ్యేసరికి చాలామందికి జుట్టు నెరుస్తుంది.

నా సలహా రెండూ రాయమనే, కానీ ముందు ఎస్సై. కారణం వయసు. ఎస్సైకి సాధారణ పరిమితి 25 ఏళ్ళు, నోటిఫికేషన్‌ను బట్టి సడలింపులు ఉంటాయి. 2024 గ్రూప్-1లో డీఎస్పీకి 35 వరకు అవకాశం ఇచ్చారు. ముందు మూసుకునే తలుపు ఏదో దాని దగ్గరికి ముందు వెళ్ళాలి కదా. పుస్తకాలు కొనే ముందు ఎత్తు కొలవండి. మహిళలకు 152.5 సెంటీమీటర్లు ఉండాలి, కొన్ని వర్గాలకు కొంత తగ్గింపు ఉంది. గత ఎస్సై ఎంపికలో మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. రేపటి నుంచే మొదలుపెట్టమనండి, అది నెల రోజుల్లో వచ్చేది కాదు.

క్యాంపస్ ఉద్యోగం మాత్రం వదలొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఎస్సై నోటిఫికేషన్ 2018 తర్వాత మళ్ళీ వచ్చింది 2022లో. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ కూడా 2022దే. దాని ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, చివరికి 2024లో మళ్ళీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో ఆ ఏళ్ళన్నీ ఎదురుచూసిన పిల్లల్ని దగ్గర్నుంచి చూశాను. ఉద్యోగం చేస్తూ చదవడం కష్టమే, కానీ మీ అమ్మాయిని నెలనెలా ఇంటి నుంచి డబ్బులు అడిగే పరిస్థితిలో పెట్టకండి. వీటితోపాటు ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) కూడా రాయొచ్చు, సీబీఐ, ఎన్‌ఐఏలలో ఎస్సై పోస్టులు దాని ద్వారానే భర్తీ చేస్తారు.

లా డిగ్రీ అక్కర్లేదు. ఏదైనా డిగ్రీ చాలు. చట్టం అకాడమీలో నేర్పుతారు, అదే మన అప్పా జంక్షన్ దగ్గరున్నది. (ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ అన్న పేరులోని ఇంగ్లిష్ పొడి అక్షరాలే ఆ ‘అప్పా’. రాష్ట్రం మారింది, అకాడమీ పేరూ మారింది, జంక్షన్ మాత్రం మారలేదు.) తర్వాత దర్యాప్తులో ప్రత్యేక శిక్షణకు రామంతాపూర్‌లో కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉంది. ఉర్దూ కాస్త వస్తే పాతబస్తీలో చాలా పనికొస్తుంది.

ఈలోపు ఒక పని చేయండి. మలక్‌పేట నుంచి నాంపల్లికి నేరుగా మెట్రో ఉంది. సెలవు పెట్టించి ఒకరోజు అమ్మాయిని అక్కడి క్రిమినల్ కోర్టులకు తీసుకెళ్ళండి. కొన్ని రకాల కేసులు తప్ప మిగతా విచారణలు ఎవరైనా కూర్చుని చూడొచ్చు. దర్యాప్తు అధికారిని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తున్న హాలు ఏదో కనుక్కుని వెనక బెంచీలో కూర్చోండి. బోనులో ఉన్న అధికారి తన డైరీలో రాసిన ఒక టైముకు జవాబు చెప్పలేక తడబడుతుంటే, మీ అమ్మాయి విసుగ్గా ఫోన్ చూసుకుంటోందా, లేక ‘ఆ టైము ముందే సరిచూసుకోవాల్సింది కదమ్మా’ అని మీ చెవిలో అంటోందా గమనించండి. తర్వాత నాకు మళ్ళీ రాయండి.