టెక్ సందేహాలు: కస్టమర్ల షీట్ చాట్‌జీపీటీకి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది చిన్న ఆన్‌లైన్ బిజినెస్ అండి. కస్టమర్ల కంప్లైంట్స్ ఉన్న ఎక్సెల్ షీట్ చాట్‌జీపీటీలో అప్‌లోడ్ చేసి సమ్మరీ తీయిస్తున్నా. తప్పేమైనా ఉందా?

సమ్మరీ తీయించడం తప్పు కాదండి, షీట్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించేయడమే తప్పు. వాళ్లు ఫోన్ నంబర్, అడ్రస్ ఇచ్చింది డెలివరీ కోసం, ఇంకో కంపెనీ సర్వర్‌కి పంపమని కాదు కదా. ముందు షీట్‌కి ఒక కాపీ తీసి అందులో పేరు, ఫోన్, ఈమెయిల్, అడ్రస్ కాలమ్స్ డిలీట్ కొట్టండి, ఆర్డర్ నంబర్ల బదులు 1, 2, 3 అని వరస నంబర్లు వేసుకోండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు కానీ అసలు చిక్కంతా కంప్లైంట్ రాసిన కాలమ్‌లోనే ఉంటుంది, ఎందుకంటే జనం అందులోనే "ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని నంబర్, ఈమెయిల్ కూడా రాసేస్తారు, కాబట్టి ఈమెయిల్స్ కోసం కంట్రోల్ ఎఫ్ కొట్టి @ గుర్తు వెతకండి, నంబర్లు, మిగతావి ఓసారి కళ్లతో చూసుకోండి.

ఇక సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌లోకెళ్లి, మోడల్‌ని మెరుగుపరచడానికి మీ చాట్స్ వాడుకోనిచ్చే ఆప్షన్ ఆఫ్ చేయండి. దాంతో మీ చాట్స్ ట్రైనింగ్‌కి వెళ్లవు, అంతే, డేటా సర్వర్‌కి చేరడం మాత్రం ఆగదు. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు కంపెనీ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌నే చాట్‌జీపీటీలో పెట్టేశారు, ఆ తర్వాత కంపెనీ డివైజ్‌లలో ఇలాంటి టూల్స్ బ్యాన్ చేసింది. అంత పెద్ద కంపెనీలోనే అలా జరిగిందంటే చూడండి.

ప్రశ్న: మా సైట్‌లో ఏఐ చాట్‌బాట్‌కి మనిషి పేరు, ఫొటో పెట్టాం. బాట్ తప్పు చెబితే మాకు సంబంధం లేదని కింద చిన్న అక్షరాల్లో రాశాం. సరిపోతుందా?

సరిపోదు. విమానాల కంపెనీ ఎయిర్ కెనడా కూడా ఇలాగే చేతులు దులుపుకోవాలని చూసింది. ఇంట్లో వాళ్లు చనిపోయినప్పుడు ఇచ్చే తగ్గింపు ఛార్జీ గురించి ఒక ప్యాసింజర్ అడిగితే, టికెట్ కొన్నాక 90 రోజుల్లోపు అప్లై చేసుకోవచ్చని బాట్ చెప్పింది, కానీ కంపెనీ రూల్ అది కాదు. గొడవ ట్రిబ్యునల్‌కి వెళ్తే, చాట్‌బాట్ వేరే వ్యక్తి లాంటిది, దాని మాటలకి అదే బాధ్యత అన్నట్టు కంపెనీ వాదించింది (ఈ మాట అనడానికి ధైర్యం కావాలి!). పప్పులుడకలేదు, 2024 ఫిబ్రవరిలో దాదాపు 812 కెనడా డాలర్లు కట్టమని తీర్పొచ్చింది.

ఫొటో తీసేయండి, మొదటి మెసేజ్‌లోనే ఇది బాట్ అని చెప్పండి, యూరప్ ఏఐ చట్టంలో కూడా ఈ రూల్ ఉంది. రేట్లు, రీఫండ్ లాంటి డబ్బు విషయాల్లో బాట్ సొంతంగా జవాబు అల్లకుండా పాలసీ పేజీ లింక్ ఇచ్చేలా సెట్ చేయండి. మనిషితో మాట్లాడే బటన్ కనపడేచోట పెట్టండి, నాలుగు మెనూల లోపల కాదు.

ప్రశ్న: ఏఐతో మా ప్రోడక్ట్‌కి రివ్యూలు రాయించుకోవచ్చా?

వద్దు. కొనని వాళ్ల పేరుతో రివ్యూ అంటే ఎవరు రాసినా మోసమే. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో దీనిమీద రూలే తెచ్చింది, ఏఐ రాసినవీ అందులోకే వస్తాయి.

ప్రశ్న: రెజ్యూమేలు వడకట్టే ఏఐ టూల్ ట్రయల్‌లో వాడుతున్నాం. పక్షపాతం లేదని వెండర్ అంటున్నాడు. నమ్మొచ్చా?

మీరే చెక్ చేసుకోండి. అమెజాన్ ఇలాంటిదే తయారు చేసుకుని పక్కన పడేసిన సంగతి 2018లో బయటికొచ్చింది. పదేళ్ల రెజ్యూమేలతో నేర్పించారు, వాటిలో ఎక్కువ మగవాళ్లవి, దాంతో రెజ్యూమేలో మహిళల క్లబ్ అనో మరోటనో కనపడితే అది మార్కులు తగ్గించేది. కాబట్టి ఒకే రెజ్యూమేని నాలుగు కాపీలు తీసి ఒకటి అలాగే ఉంచి, ఒకదాంట్లో పేరు, ఇంకోదాంట్లో కాలేజీ, మరోదాంట్లో మధ్యలో రెండేళ్ల గ్యాప్ మార్చి పెట్టి చూడండి. పేరు మార్చినంత మాత్రానే స్కోర్ మారిందంటే ఆ టూల్ వద్దు. రిజెక్ట్ అయిన వాటిలోంచి కొన్ని తీసి మీ హెచ్‌ఆర్‌ వాళ్లతో చదివించండి. ఇదంతా ట్రయల్‌లో ఉండగానే కానివ్వండి, డబ్బులు కట్టాక వెండర్ ఫోన్ ఎత్తడు.