కరెంటు తినేది లెక్కా, ర్యామా?

ప్రశ్న: కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది) చేసే ఆప్టిమైజేషన్‌తో, అంటే మెరుగుదలతో, ప్రోగ్రామ్ స్పీడ్ పెరుగుతుందంటే సరే, మెమరీకి అయ్యే కరెంటు కూడా తగ్గుతుందని మా సార్ అంటున్నారు. నిజమేనా అండీ?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: నిజమేనండీ. అసలు ఖర్చు లెక్క చేయడంలో కాదు, డేటా తెచ్చుకోవడంలో ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ 2014లో చూపించిన అంకెల ప్రకారం, 45 నానోమీటర్ల చిప్‌లో రెండు 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) సంఖ్యల్ని కూడటానికి 0.9 పికోజూల్ (జూల్‌లో లక్ష కోట్లో వంతు ఒక పికోజూల్) చాలు, అదే డీర్యామ్ (కంప్యూటర్‌లో మామూలుగా ర్యామ్ అనేది ఇదే) నుంచి 64 బిట్లు తేవాలంటే 1,300 నుంచి 2,600 పికోజూల్స్ దాకా అవుతుంది. తేడా చూశారా!

సీ భాషలో పెద్ద మ్యాట్రిక్స్ తీసుకోండి. అది మెమరీలో అడ్డవరసలుగా పేర్చి ఉంటుంది, మామూలు ప్రాసెసర్లలో క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఒక్కసారికి 64 బైట్లు, అంటే 8 డబుల్స్ (8 బైట్ల దశాంశ సంఖ్యలు) లాగుతుంది. మీ లూప్ నిలువుగా నడిచిందనుకోండి, ఒక్కటి వాడి మిగతా ఏడూ ముట్టకుండానే పారేసి మళ్లీ ర్యామ్ దగ్గరికి పరుగు. కంపైలర్ లోపలి లూప్‌ని బయటికి, బయటిదాన్ని లోపలికి మారిస్తే ఎనిమిదీ పనికొస్తాయి. జీసీసీ అనే కంపైలర్ 8వ వెర్షన్ నుంచి ఓ3 (-O3 అనే ఆప్టిమైజేషన్ ఆప్షన్) పెడితే ఇది తనే ప్రయత్నిస్తుంది. కాకపోతే పాయింటర్లతో (మెమరీ చిరునామాలతో) గజిబిజి చేస్తే రెండూ ఒకే చోటును చూపిస్తాయేమోనని భయపడి వదిలేస్తుంది, అక్కడ అలా కాదని మాటిచ్చే రిస్ట్రిక్ట్ (restrict) అనే పదం రాస్తే కాస్త ధైర్యం వస్తుంది.

అలాగని ర్యామ్ ఖర్చు సున్నా అవదు. మామూలుగా డీర్యామ్‌ని ఖాళీగా ఉన్నా 64 మిల్లీసెకన్లలోపు మొత్తం రిఫ్రెష్ చేయాల్సిందే (డేటా చెరిగిపోకుండా మళ్లీ చార్జ్ చేయడం), దానికి లూప్ మార్పులు పనిచేయవు.