చాదస్తమా, మతిమరుపా?

సందేహం: మా మామగారికి డిమెన్షియా అన్నారు వైద్యులు. ఇంట్లో చాదస్తం అంటున్నారు. పత్రికల్లో చిత్తభ్రంశం, అల్జీమర్స్ అని కనిపిస్తుంది. ఏది సరి? మందులతో నయమవుతుందని అనవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: చాదస్తం అనే మాటను ముందు మానిపించండి. ఛందస్సు అంటే వేదం. దాన్ని అక్షరం తప్పకుండా పట్టుకున్నవాడు ఛాందసుడు, అతని పట్టుదలే వాడుకలో చాదస్తమయింది. అది స్వభావం. పాలకొల్లు దగ్గర మా పెద్దమ్మ కత్తిపీట ముందు కూర్చుని, చేతిలో బెండకాయ పట్టుకుని ‘దీన్నేం చేయాలి?’ అని అడిగిన రోజున కూడా మేము చాదస్తమనే అనుకున్నాం. ఆ ఒక్క మాట వల్ల వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి రెండేళ్లు ఆలస్యమయింది.

భ్రంశం అంటే జారిపోవడం. భగవద్గీత రెండో అధ్యాయం 63వ శ్లోకంలో స్మృతిభ్రంశం ఉంది, చక్కని మాట. చిత్తభ్రంశం అంటే మాత్రం జనానికి పిచ్చి అనే వినిపిస్తుంది, నేను వాడను. తలచు నుంచి తలపు వచ్చినట్టే మరచు నుంచి మరపు వచ్చింది. మరుపు కూడా వాడుకలో స్థిరపడింది. అయితే మతిమరుపు అందరికీ ఎంతో కొంత ఉండేదే కనుక ‘మతిమరుపు జబ్బు’ అనండి. మాట తోచకపోవడం, తెలిసిన దారి తప్పడం, తీరు మారడం కూడా ఇందులో భాగమే.

అల్జీమర్స్‌ను డిమెన్షియాకు పర్యాయపదంగా రాయడం తప్పు. మార్టేరు స్వర్ణ వరే, కానీ వరి అంతా స్వర్ణ కాదు. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వివరించిన జబ్బుకు 1910లో ఆయన పేరు పెట్టారు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించేది ఇదే. మెదడుకు రక్తం సరిగా అందక వచ్చేది మరొకటి. రక్తపోటు, మధుమేహం దానికి దారితీస్తాయి. మెదడు కణాల్లో ఒక ప్రోటీన్ ముద్దకట్టే లెవీ బాడీ రకం, మెదడు ముందుభాగం దెబ్బతినే రకం కూడా ఉన్నాయి. బి12 లోపం, థైరాయిడ్ మాంద్యం వల్ల వచ్చే మరపు మాత్రం చికిత్సతో తగ్గవచ్చు. అందుకే రక్తపరీక్ష ముఖ్యం.

ఇక నయం. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి: జబ్బు పోవడం ఒకటి, ‘నిన్నటికంటే నయం’ అనడంలో ఉన్నది రెండోది. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ మందులు జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఆపుతాయి. జబ్బు ముదిరిన దశలో మెమాంటిన్ ఇస్తారు. వీటివల్ల కొందరికి కొంతకాలం లక్షణాలు తెరిపిన పడతాయి, జబ్బు మాత్రం పోదు. వైద్యుడు రెండో అర్థంలో అన్న నయాన్ని ఇంటివాళ్లు మొదటి అర్థంలో విని, ఆరునెలల తర్వాత మందు పనిచేయలేదని ఆపేస్తారు. కనుక బంధువులు అడిగితే ‘మందు వాడుతున్నాం, కొంత నయంగా ఉంది’ అని చెప్పండి. ‘నయమయింది’ అనకండి.