నానోపీబీ: స్ట్రింగు కాపీ కాదు, ఉష్ణోగ్రత సున్నాగా వస్తుంది

నానోపీబీ (చిన్న పరికరాల కోసం సి భాషలో రాసిన ప్రోటోబఫ్ లైబ్రరీ; ప్రోటోబఫ్ అంటే డేటాను బైట్లుగా మార్చి పంపే పద్ధతి) వాడుతూ, సెన్సర్ పేరును స్ట్రక్చర్‌లోకి కాపీ చేయబోతే కంపైలర్ ఒప్పుకోవడం లేదని, పేరు తీసేసి నడిపితే ఉష్ణోగ్రత అవతలికి ఎప్పుడూ సున్నాగానే చేరుతోందని రాశారు. కంగారు పడకండి, నేనూ ఇక్కడే ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

నానోపీబీ మామూలుగా మాలక్ జోలికి, అంటే ప్రోగ్రాము నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకునే పనికి, పోదు. అందుకే స్ట్రింగు గరిష్ఠ పొడవు ముందే చెప్పకపోతే దాన్ని అక్షరాల అర్రేగా కాక కాల్‌బ్యాక్‌గా (మీరే రాసి ఇవ్వాల్సిన ఫంక్షనుగా) తయారు చేస్తుంది. సందేశంలో ఏమేం ఉంటాయో రాసిన మీ ప్రోటో ఫైలు పేరుతోనే, చివర డాట్ ఆప్షన్స్ ఉండేలా ఇంకో ఫైలు పెట్టి, అందులో “రీడింగ్.నేమ్ మ్యాక్స్_సైజ్:32” అని ఒక్క వరుస రాసి జనరేటర్‌ను మళ్లీ నడపండి. ఆ 32లో చివరి సున్నా బైటు కూడా కలిసే ఉంటుంది. తెలుగు పేర్లు పెట్టే ఆలోచన ఉంటే జాగ్రత్త: యూటీఎఫ్-8లో ఒక్కో అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతపు గుర్తుకు విడిగా మరో 3. “విజయవాడ” ఒక్కటే 21 బైట్లు తింటుంది.

ఉష్ణోగ్రతను మీరు ఆప్షనల్‌గా ప్రకటించారు. విలువ నింపితే చాలదు, విలువ ఉందని చెప్పే హ్యాజ్_టెంపరేచర్‌ను కూడా ట్రూ చేయాలి. లేకపోతే పీబీ_ఎన్‌కోడ్ ఆ ఫీల్డును చప్పుడు చేయకుండా దాటేసి, అంతా బాగానే జరిగిందని చెబుతుంది.

మీరు అడగలేదు గానీ, 128 బైట్ల బఫరును మొత్తంగా పంపుతున్నారు. ప్రోటోబఫ్ సందేశం ఎక్కడ ముగుస్తుందో దానిలో రాసి ఉండదు. బైట్స్_రిటన్ (ఎన్‌కోడ్ రాసిన బైట్ల లెక్క) చూపిన సంఖ్యను ముందు పంపి, తరువాత అన్ని బైట్లే పంపండి. నానోపీబీ 0.4 వెర్షనులో బఫరులో మిగిలిన సున్నాలు తగలగానే డీకోడ్ విఫలమవుతుంది. అది తిరిగి ఇచ్చే విలువను మీ కోడు అసలు చూడడమే లేదు.